ఒక్కచోటే ఎర్ర చుక్కలు

పొద్దున్నుంచీ ఆకాశం ఎటూ తేల్చుకోలేకుండా ఉంది. మబ్బు పట్టింది, విచ్చింది, మళ్ళీ పట్టింది. గాలి లేదు. పొద్దెక్కకముందే ఉక్క మొదలైంది. బెరడు పురుగు రెక్క విప్పి పక్క చెట్టుకు ఎగిరేది ఇలాంటి ఉక్కలోనేనని అడవి కాపలాదారుకు ఇరవై ఆరేళ్ళుగా తెలుసు.

రేంజి ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే అతని అల్లుడు కాపలా గుడిసె ముందు మోటారుసైకిలు ఆపాడు. వెనకే రంపాలవాళ్ళ ట్రాక్టరు వచ్చింది.

“మావయ్యా, పటంలో పన్నెండో బ్లాకు ఎర్రగా వచ్చింది. నాలుగొందల చెట్లు. ఇవాళే కొట్టెయ్యమని రేంజరమ్మ సంతకం పెట్టింది.”

“పన్నెండా? ఈ బ్లాకేనా?”

“మీరు నిలబడ్డదే.”

కాపలాదారు వెళ్ళి ఒక్కో చెట్టు మొదట్లో వంగి చూశాడు. పురుగు తొలిస్తే బెరడు సందుల్లోంచి కాఫీ పొడిలాంటి పొట్టు రాలుతుంది. పది చెట్లు చూశాడు, ఇరవై చూశాడు. చీమలు తప్ప ఏమీ లేవు.

“వీటికి జబ్బు లేదు అల్లుడూ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మీ పెట్టె వైద్యం.”

“పెట్టె ఏం చేస్తుంది? పురుగుల బోన్లలో పెట్టే జిగురు అట్టల ఫోటోలు పంపింది మీరు. అట్టకి అంటుకున్నది ఏ పురుగో, ఎన్ని ఉన్నాయో చూసి చెప్పడం దాని పని. మొన్న పేడపురుగు కాలొక్కటి అంటుకుంటే అదీ పట్టేసింది. మీకూ నాకూ కళ్ళజోడు కావాలి, దానికక్కర్లేదు.”

రంపం మేస్త్రి ఆవులించాడు. “మామా అల్లుళ్ళ పంచాయితీ తేలేలోపు నేనో కునుకు తీస్తానండీ.”

అల్లుడు ఫోనులో అడవి పటం తీశాడు. అంతా పచ్చగా ఉంది. పన్నెండో బ్లాకులో మాత్రం ఎర్ర చుక్కలు ఒకదాని మీదొకటి కుప్పపడి ఉన్నాయి.

“ఇంత దట్టంగా ఎప్పుడూ రాలేదు. రేంజరమ్మ అనుమానపడితే, మా మావయ్య పనికి తిరుగులేదని నేనే పూచీ పడ్డాను.”

కాపలాదారు కళ్ళు చిట్లించి చూశాడు. కుప్ప సరిగ్గా గుడిసె ముందుంది, అతని బల్ల ఉన్నచోట.

పురుగుల బోన్లు పద్నాలుగూ అడవంతా పరుచుకుని ఉన్నాయి. ఏ బోను అట్టకు ఆ బోను దగ్గరే ఫోటో తీయాలి. కానీ చెట్ల నీడలో ఫోటో మసకగా వస్తుంది. మసకగా వస్తే అల్లుడికి మాటొస్తుంది. అందుకని అట్టలన్నీ సంచిలో వేసుకొచ్చి, బల్ల మీద ఎండపొడకు పరిచి, మూడు నెలలుగా తీరుబడిగా తీస్తున్నాడు. తీసినచోటే పురుగుందని ఫోను దానంతటదే రాసుకుంటుందని అతనికెవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు. శిక్షణ రోజున వెనక బెంచీలో కునికాడు.

ఏడో నంబరు అట్ట గుర్తొచ్చింది. ఉత్తరపు వాలుది. పురుగులతో నల్లగా, నువ్వులు చల్లినట్టుంది. ఫోటో ఎంత స్పష్టంగా వచ్చిందోనని మురిసిపోయాడు కూడా.

రంపం మొదలైంది. కాపలాదారు కాలుగాలిన పిల్లిలా గుడిసెకూ ట్రాక్టరుకూ మధ్య తిరిగాడు. నీళ్ళు ముంచుకున్నాడు, తాగకుండా పారబోశాడు. తువ్వాలు తలకు చుట్టాడు, విప్పాడు. ఏడాదికోసారి పొడిగించే కొలువు. నోరు విప్పితే అది పోతుంది, అల్లుడి పూచీ నవ్వులపాలవుతుంది. విప్పకపోతే ఇక్కడ మంచి చెట్లు నేలకూలతాయి, మధ్యాహ్నానికి అక్కడి పురుగు వాలు దాటుతుంది.

ఒక చెట్టు పడింది. రెండోది. ప్రతి చెట్టూ పడేముందు చిన్నగా మూలిగింది. ఏడోది పడ్డాక అతను వెళ్ళి, ఎనిమిదోది ఒరగాల్సిన చోట బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

మేస్త్రి కేకేశాడు: “ఓ పెద్దాయనా! చావడానికి అదే దొరికిందా చోటు?”

“రంపం ఆపు. తప్పు నాది.”

మొత్తం చెప్పాడు. అల్లుడి మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది.

“మూడు నెలలా?”

“మూడు.”

“నాతో ఒక్క ముక్క అనలేదేం మావయ్యా?”

“ఫోటోలు అద్దంలా ఉన్నాయని మెచ్చుకున్నది నువ్వే కదా!”

పద్నాలుగు బోన్లకు చుక్కలన్నీ ఒక్కచోటే ఎందుకున్నాయని అల్లుడూ అడగలేదు. మిగతావి ఖాళీ అనుకున్నాడు.

రేంజరమ్మకు ఫోను చేశారు. ఆవిడ అంతా వింది. “వాలుకెళ్ళండి. పొట్టు కళ్ళతో చూసి, అక్కడే ఫోటో తీసి పంపండి. మీ మామగారి సంగతి రేపు చూస్తాను.”

వాలెక్కేసరికి ముప్పై చెట్ల మొదళ్ళలో పొట్టు పాదం మునిగేంత ఉంది. అల్లుడి చొక్కా మీద పురుగొకటి వాలింది. దాన్ని నలపకుండా అరచేతిలోకి తీసుకుని ఫోటో తీశాడు. పటంలో వాలు మీద కొత్త చుక్క పడింది.

రంపాలు అక్కడికి మారాయి. చెట్టు పడ్డం ఆలస్యం, కాపలాదారు కత్తితో బెరడు ఒలిచి పురుగుతో సహా మంటలో వేశాడు. ఎవరూ సాయం రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు. పొద్దు వాలేదాకా చేతులు ఆగలేదు.

అప్పుడు మేస్త్రి క్యారేజీలు విప్పించాడు. కూలీలు పడ్డ మానుల మీద వరసగా కూర్చున్నారు. కాపలాదారు దూరంగా నిలబడ్డాడు. అల్లుడు మొహం ఎత్తకుండా పక్కకు జరిగి చోటిచ్చాడు. కూతురు కట్టిన క్యారేజీ, ఇద్దరికీ సరిపడా ఉంది. పై గిన్నె తీసి మామ ముందు పెట్టాడు. మంటలో బెరడు చిటపటలాడుతోంది. మసి చేతులు కడుక్కుని అందరూ తిన్నారు.