ఇనుము దిగని రెండెకరాలు

ట్రాక్టర్ వెనక తిరిగే రోటవేటర్ కత్తులకు చుట్టుకున్న గడ్డిని ఉప్పలయ్య కొడవలితో కోసి లాగేశాడు. మరైగూడలో తొలకరి పడి వారమైంది. పొద్దుటి నుంచి రెండు చేలు దున్నాడు, మూడోది రైతు బిజ్జాది. మళ్లీ ట్రాక్టరెక్కి, మెడ కుడివైపు తిప్పి వెనక్కి చూస్తూ క్లచ్ వదిలాడు. పందొమ్మిదేళ్లుగా అలా చూసి చూసి ఆ మెడ తిన్నగా నిలబడడం మానేసింది. నడిచేటప్పుడు కూడా ఎవరో పిలిస్తే తిరిగి చూస్తున్నట్టే ఉంటాడు.

ట్రాక్టర్ సావుకారు రాజేశ్వరరావుది. చుట్టుపక్కల ఉప్పలయ్య దున్నని చేను లేదు, తన రెండెకరాలు తప్ప.

అది వాగు వైపు వాలిన నేల. తొమ్మిదేళ్ల కిందట దాన్నీ పిండిలా దున్నాడు. ఆ సాయంత్రమే కుండపోతగా కురిసింది. తెల్లారి చూస్తే పైమట్టంతా వాగులో కలిసింది, చేలో గులకరాళ్లు మిగిలాయి. అతని భార్య ఇర్మా ఆ రాళ్లను ఏరి గట్టున పోసింది. ఆ తర్వాత అక్కడ ఇనుము దిగలేదు. కోతయ్యాక ఉలవలు, మే నెల వానకు జనుము చల్లుతారు. జనుము పూతకు రాగానే ఇద్దరూ దుంగ దొర్లించి దాన్ని నేలకు పరిచి, ఆ పరుపులోంచి కర్రతో పొడిచి మక్క గింజలు వేస్తారు. మొదటి రెండేళ్లు పంట పలచగా వచ్చింది. ఊరు నవ్వింది, పక్క చేను బిజ్జా కూడా. కోతల తర్వాత వదిలిన పశువులు ఉలవ చేలో పడకుండా ఇర్మా రోజూ గట్టు మీద కాపలా కూర్చునేది.

మధ్యాహ్నం రాజేశ్వరరావు మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. డ్రైవరే తన చేను దున్నుకోకపోతే మాకెందుకని ఇద్దరు రైతులు ట్రాక్టర్ వద్దన్నారట. బిజ్జాది అయిపోగానే పక్కనున్న ఉప్పలయ్య చేను కూడా దున్నెయ్యమన్నాడు. డీజిల్ తనదేనన్నాడు.

"జనుము పూతకొచ్చింది సావుకారూ."

"అందరూ చూస్తుండగా దున్ను. లేదంటే రేపట్నుంచి పనిలోకి రాకు."

ఉప్పలయ్య బిజ్జా చేలో మిగిలిన నాలుగు చుట్లూ పూర్తిచేశాడు. ట్రాక్టర్ గట్టు దాకా వచ్చింది. మూరెడు దూరంలో జనుము నడుమెత్తున, పసుప్పచ్చ పూలతో ఊగుతోంది. అటుపక్క ఇర్మా నిలబడి ఉంది. అతను రోటవేటర్ పైకెత్తి ఇంజిన్ ఆపేశాడు.

దిగి, ఒక జనుము మొక్కను వేళ్లతో సహా పెరికి రాజేశ్వరరావు ముందు పట్టుకున్నాడు. వేళ్లకు బుడిపెలు, వాటిని అంటుకుని నల్లని మట్టి, అందులో మెదులుతూ ఒక వానపాము.

"ఎరువు ఈ బుడిపెలల్ల ఉంది. ఆకు కుళ్లితే మక్క తింటది. దున్నేటిది ఈ వానపాములే దున్నుతున్నయ్. నేనెందుకు దున్నాలె?"

రేపట్నుంచి తిండి ఎలాగని అడిగాడు సావుకారు. ఈ మెడతో ఇంకెవరూ పనికి పిలవరని ఉప్పలయ్యకూ తెలుసు. ట్రాక్టర్ తాళంచెవి తీసి సావుకారు చేతిలో పెట్టాడు.

"పందొమ్మిదేండ్లు మీరు చెప్పిన చేనల్లా దున్నిన. ఇది మీరు చెప్పేటిది కాదు."

గట్టు మీద నిలబడి చూస్తున్న బిజ్జా ఈసారి నవ్వలేదు. రాలిన ఆ నల్లమట్టిని వేళ్ల మధ్య నలిపి చూస్తున్నాడు.

"దుంగ తెచ్చిన, పా," అంది ఇర్మా. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని చేలోకి నడిచారు. వాళ్ల ముందు జనుము వరసగా వాలిపోసాగింది.

ఊళ్లో ట్రాక్టర్ నడిపేవాళ్లు ఇంకెవరూ లేరు. సావుకారు తాళంచెవి జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం వాన మొదలయ్యేసరికి, బిజ్జా చేలోనే ఆగిపోయిన ట్రాక్టర్ డ్రైవర్ సీటు మీద మడిచి వేసిన గోనెసంచి, మధ్యలో ఉప్పలయ్య కూర్చున్నంత మేర అరిగి పల్లమైన చోట, నీళ్లు నింపుకుంటూ ఉంది.