మేనేజర్ వేషం

ఏసురత్నం ఒకప్పుడు నటుడు, దర్శకుడు. తెర మీద పేరు రత్నం. హీరోకి స్నేహితుడిగా, తరవాత హీరోకి అన్నగా పది పన్నెండు సినిమాల్లో కనిపించాడు. తానే కథ రాసుకుని తీసిన మొదటి సినిమా వంద రోజులు ఆడింది. రెండోది పరవాలేదనిపించుకుంది. మూడోది సగంలో ఆగి, హీరోయిన్ మారి, ఏడాది ఆలస్యంగా విడుదలై రెండో వారం చూడలేదు. ఆ పైన టీవీ సీరియళ్ళు. అవీ అయిపోయాక ఎవరైనా గుర్తుపెట్టుకుని పిలిస్తే ఒక రోజు పని. ఇప్పుడు యాభై తొమ్మిదేళ్ళు. మియాపూర్ డిపో వెనక చిన్న ఫ్లాటు. భార్య రెబెక్కా ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఇల్లు నడుస్తున్నది ఆమె వల్లే. కూతురు బ్లెస్సీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొత్తగా చేరింది.

మూడో సినిమా ఎందుకు పోయిందని ఎవరడిగినా ఏసురత్నం చెప్పే కథ ఒకటే. "సంయుక్త అని కొత్తమ్మాయిని తీసుకొచ్చాను. అరకులో షూటింగ్ సగంలో ఉండగా చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. అక్కడితో నా పని సరి." పత్రికలవాళ్ళకి చెప్పాడు, నిర్మాతలకి చెప్పాడు, చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడూ చెప్పాడు. ఆ పిల్లని క్షమించే మనసు తనకివ్వమని రెబెక్కా చాలాకాలం ప్రార్థించింది.

ఆ వేసవిలో ఆర్టిస్టుల ఏజెంటు ఓబులేసు ఫోన్ చేశాడు. "గురువుగారూ, మాదాపూర్‌లో కార్పొరేట్ వీడియో ఒకటుంది. కంపెనీల్లో ఉద్యోగులకి చూపిస్తారంట. మీది మేనేజర్ వేషం, ఒక్క పూట పని." నాలుగు నెలలుగా ఎవరూ పిలవలేదు. ఏసురత్నం చొక్కా ఇస్త్రీ చేయించుకుని, జుట్టుకి రంగు వేసుకుని బయలుదేరాడు.

టవర్ కింద సెక్యూరిటీ పెంటయ్య పాసు కోసం ఆయన్ని చిన్న కెమెరా ముందు నిలబెట్టాడు. "జర ఇటు సూడున్రి సార్. మీరు సినిమాలల్ల వస్తుండె గదా? మా ఇంటామెకు మీరంటే మస్తు ఇష్టముండె. ఇప్పుడు కనవడ్తలేరు, ఏంది?"

"చేస్తున్నానండీ, అప్పుడప్పుడు" అన్నాడు ఏసురత్నం. కానీ లిఫ్టు ఎక్కేటప్పటికి నడకలో కొంచెం ఠీవి వచ్చింది.

ఎనిమిదో అంతస్తులో ఒక మీటింగ్ గదిని షూటింగుకి సర్దారు. రెండు లైట్లు, ఒక కెమెరా. ఎదుటి పాత్ర చెయ్యాల్సిన కృష్ణప్రియ, ఇరవై రెండేళ్ళ అమ్మాయి, లేచి నమస్కారం పెట్టింది. ఎవరో ఆయన చేతికి రెండు కాగితాలిచ్చారు. పనిచేసేచోట ఆడవాళ్ళని వేధించడం గురించిన శిక్షణ వీడియో అది. కళ్ళజోడు పెట్టుకుని తన డైలాగులు చదవసాగాడు.

"గొంతు బొంగురుపోయిందే నీకు? వేడినీళ్ళు తాగావా? చూడమ్మా, నీకిక్కడ పెద్దదిక్కు ఎవరూ లేరు. ఆ మాత్రం నేను చూసుకోనా? నేను చెయ్యి వదిలేస్తే నీ పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. ఎందుకలా బిగుసుకుపోతావు, కాస్త నవ్వు."

ఒకసారి చదివి మళ్ళీ మొదటికొచ్చాడు. ఆఫీసు కథలో గొంతు బొంగురుపోవడం ఎందుకు? ఆ మాటలు ఆయనకి తెలుసు. అరకులో వాన పడి షూటింగ్ ఆగిపోయిన రోజు. గెస్ట్‌హౌస్‌లో జలుబుతో పడుకున్న పిల్ల. తాను ఫ్లాస్కు తీసుకెళ్ళి, తలుపు గడియ పెట్టి, మంచం అంచున కూర్చుని, చెయ్యి పట్టుకుని అన్న మాటలు. ఆ పిల్ల ఆయన్ని తోసేసి వానలోకి పరిగెత్తింది. మర్నాడు తెల్లారి బస్సులో వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆమెకి పొగరని, నమ్ముకుంటే ముంచుతుందని ఆయనే నలుగురికీ చెప్పాడు. ఇంకెవరూ ఆమెకి వేషం ఇవ్వలేదు.

తలుపు తెరుచుకుని సంయుక్త లోపలికొచ్చింది. నలభైకి దగ్గరపడ్డ మనిషి, కాటన్ చీర, చేతిలో ల్యాప్‌టాప్. ఆయన్ని చూసి గుమ్మంలోనే ఆగింది. కాసేపటికి కృష్ణప్రియనీ కెమెరా మనిషినీ టీ తాగి రమ్మని పంపింది.

"నేను పిలిపించలేదు" అంది. "ఏజెంటు వేరే ఎవరినో పంపుతానన్నాడు."

"సంయుక్తా, నేను..."

"ఈ వీడియోలు తీసే కంపెనీ నాది. ఆ స్క్రిప్టు రాసి ఆరేళ్ళయింది. ఇంతకుముందు ఇద్దరు చేశారు. మీరు వెళ్ళిపోతానంటే వెళ్ళండి, ఓబులేసుకి నేను చెప్పుకుంటాను."

ఏసురత్నం కళ్ళజోడు తీశాడు. "తప్పయిపోయిందమ్మా. అప్పుడేదో..."

"అమ్మా అనకండి." గొంతు పెంచకుండానే అంది. "ఆ రోజు కూడా అలాగే అన్నారు. మీరు క్షమాపణ చెప్పుకుంటే మీకు తేలికవుతుందేమో. నాకు దానితో పనిలేదు. చేస్తారా, వెళ్తారా?"

వెళ్ళిపోవచ్చు. లిఫ్టు పక్కనే ఉంది. కానీ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. చేస్తానన్నాడు.

మొదటి టేకులో ఆయన కళ్ళు చిన్నవి చేసి, పెదవి వంకరగా పెట్టి, సీరియల్ విలన్‌లాగా మాట్లాడాడు. సంయుక్త ఆపేసింది.

"అలా కాదు సార్. మీరట్లా చేస్తే, చూసేవాడు వీడెవడో దుర్మార్గుడు, నేను కాదులే అనుకుంటాడు. ప్రేమగా చెప్పండి. నిజంగా ఆ పిల్ల మంచి కోరుతున్నట్టు చెప్పండి."

రెండోసారీ కుదరలేదు. మూడోసారి ఏసురత్నం నటించడం మానేశాడు. కుర్చీ కొంచెం ముందుకి జరిపి, "గొంతు బొంగురుపోయిందే నీకు?" అన్నాడు మెల్లగా. ఆ గొంతులో నిజంగానే దయ ఉంది. తనకే వినిపించింది. ఆ రోజు కూడా అలాగే ఉంది. అందుకే తనని తాను చెడ్డవాడని ఏనాడూ అనుకోలేదు. స్క్రిప్టులో ఉన్నట్టే బల్ల మీదున్న కృష్ణప్రియ చేతి మీద చెయ్యి వేశాడు. ఆ అమ్మాయి డైలాగు మర్చిపోయింది. చెయ్యి లాక్కుని ఒళ్ళో దాచుకుని సంయుక్త వైపు చూసింది.

"ఓకే. ఇది చాలు" అంది సంయుక్త. కృష్ణప్రియ దగ్గరికెళ్ళి భుజం తట్టి మంచినీళ్ళిచ్చింది. ఆయన వైపు మళ్ళీ చూడలేదు.

కొత్తగూడ, కొండాపూర్ మీదుగా షేర్ ఆటోలో ఇంటికొచ్చేసరికి నాలుగైంది. రెబెక్కా అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం మార్చుకోకుండానే గోరుచిక్కుళ్ళు ఒలుస్తోంది.

"ఎలా జరిగిందండీ?"

"సంయుక్త కనిపించింది."

రెబెక్కా చేతులు ఆగాయి. "మనల్ని ముంచిందే, ఆ అమ్మాయా? ఏమంటుంది?"

ఎప్పటి కథే చెప్పి ఊరుకోవచ్చు. ఏసురత్నం కూర్చుని, నేల చూస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పాడు. వాన, ఫ్లాస్కు, గడియ, ఆ తరవాత తాను చెప్పుకొచ్చిన అబద్ధం.

"ఆ పిల్లకి అప్పుడెన్నేళ్ళు?" అంది రెబెక్కా.

"పందొమ్మిది."

"ఇరవయ్యేళ్ళుగా నేను ఆ పిల్లని క్షమిస్తూ వచ్చానండీ" అంది. ఒలిచినవీ ఒలవనివీ అలాగే వదిలేసి లేచింది. ఆ రాత్రి నుంచి బ్లెస్సీ గదిలో పడుకుంటోంది. ఏడవలేదు, తిట్టలేదు. అన్నం వండి బల్ల మీద పెడుతుంది. కలిసి కూర్చోదు. ఆదివారం చర్చికి ఒక్కతే వెళ్ళింది. బ్లెస్సీ అడిగితే, నడుం నొప్పిగా ఉంది, గట్టి పరుపు కావాలంది.

నెల తిరక్కుండా ఓబులేసు మళ్ళీ ఫోన్ చేశాడు. "అదరగొట్టేశారంట గురువుగారూ! చూసినవాళ్ళంతా ఆ పెద్దాయన ఎవరని అడుగుతున్నారంట. బెంగళూరు కంపెనీ ఒకటి అలాంటి వేషమే..."

"ఒంట్లో బాగుండటం లేదు" అన్నాడు ఏసురత్నం. ఇన్నేళ్ళూ అలాంటి ఫోన్ కోసమే ఎదురుచూశాడు. పెట్టేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బ్లెస్సీ ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు దించకుండా హాల్లోనే నిలబడింది.

"నాన్నా, మీ వీడియో మా ఆఫీసులో వేశారు."

"చూశావా?"

"చూశాను. మా టీంలో ఒకమ్మాయి మధ్యలో లేచి బయటికెళ్ళిపోయింది. వాష్‌రూంలో ఏడుస్తూ కనిపించింది." బ్యాగు పట్టీ సర్దుకుని, "మీరు మా నాన్న అని నేనెవరికీ చెప్పలేదు" అంది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బ్లెస్సీ ఆయన మొహంలోకి చూస్తోంది, ఏదో అడగబోతున్నట్టు. తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏసురత్నం వాళ్ళిద్దర్నీ చూశాడు.

"కూర్చో బ్లెస్సీ" అన్నాడు. "నీకూ చెప్పాలి."