నళిని వదిన తట్టిన తలుపు

చొక్కా ఇస్త్రీ చేయాలి. ల్యాప్‌టాప్ అప్‌డేట్లు ముందే కానిచ్చేయాలి. పిల్లల్ని గెంతనివ్వొద్దని పై వాటావాళ్లను బతిమాలాలి. పదకొండుకు పది నిమిషాల ముందే కాల్‌లో చేరాలి.

అమెరికాలో, అరోరాలోని తన అపార్ట్‌మెంట్‌లో కృష్ణవేణి మొదటి మూడూ చేసేసింది. ఉద్యోగం పోయి యాభై మూడు రోజులు. వీసా నిబంధన ప్రకారం అరవై దాటేలోగా ఇంకోటి దొరక్కపోతే దేశం వదలాలి. మిగిలింది ఈ ఒక్క ఇంటర్వ్యూ. కంప్యూటర్ మీద ప్రోగ్రామ్ రాసి చూపించాలి, ఫోన్‌లో కుదరదు.

పదిన్నరకు వీధి తవ్వుతున్నవాళ్లు ఇంటర్నెట్ కేబుల్ తెంపారు. కాంప్లెక్స్ అంతా ఒకేసారి ఫోన్లలో హాట్‌స్పాట్లు పెట్టుకోవడంతో వైర్‌లెస్ వస్తూ పోతూ ఉంది. ఆమె ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్ నెట్‌ను దానికిచ్చే టెథరింగ్ నొక్కింది. వైరు మూరెడు. సిగ్నల్ కిటికీ దగ్గరే. మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది.

ఇంటర్వ్యూ పేజీ తెరుచుకోలేదు. హాట్‌స్పాట్ డేటా అయిపోయిందనీ, ఖాతాదారుడే పెంచాలనీ మెసేజ్.

ఖాతాదారుడు రెడ్‌మండ్‌లోని మల్లికార్జున్, కాలేజీ సీనియర్. వచ్చిన కొత్తలో చవకని అతని ఫ్యామిలీ ప్లాన్‌లో చేరింది. ఆరు లైన్లు, నాలుగు ఇంటిపేర్లు, అందరికీ ఒకటే డేటా. అతనికి ఫోన్ చేస్తే భార్య నళిని ఎత్తింది.

"మీ అన్నయ్య స్నానానికి వెళ్లాడే. గొంతు అలా ఉందేంటి?"

కృష్ణవేణి చెప్పింది.

"అయ్యో, అది తినేసింది మావాడు ఆరుషే! శని, ఆదివారాలు కార్లో కూర్చుని, హాట్‌స్పాట్ పెట్టుకుని ఒకటే క్రికెట్ చూడటం."

"వదినా, మీరే పెంచెయ్యండి. పన్నెండు నిమిషాలే ఉన్నాయి."

"నాకు లాగిన్ ఎక్కడిదే? ఈ దేశం వచ్చి పదకొండేళ్లయింది, కరెంటు బిల్లు నుంచి బ్యాంకు దాకా అన్నీ ఆయన పేరు మీదే. ఉండు, పెట్టెయ్యకు."

తలుపు దబదబా బాదిన చప్పుడు. "సబ్బు తర్వాత కడుక్కోవచ్చు, పాస్‌వర్డ్ చెప్పండి! ఇక్కడ పిల్ల బతుకు ఆగిపోయింది!"

లోపల్నుంచి గొణుగుతూనే పాస్‌వర్డ్ చెప్పాడు. అతని ఫోన్‌కి వచ్చిన కోడ్‌ను నళిని ఒక్కో అంకే పైకి చదువుతూ కొట్టి, డేటా పెంచింది.

పదకొండుకు రెండు నిమిషాలుండగా పేజీ తెరుచుకుంది. వైరు కదిలితే కనెక్షన్ పోతుందని కృష్ణవేణి గంటసేపు కాళ్లు చాపలేదు. తిమ్మిరెక్కినా అడిగినవన్నీ రాసింది.

యాభై ఆరో రోజున ఉద్యోగం ఖాయమైంది. యాభై తొమ్మిదో రోజున వీసా కాగితాలు వెళ్లాయి. మొదటి జీతంతో తన పేరున ఫోన్ లైన్ తీసుకుని నళినికి చెప్పింది.

"బిల్లు నీ పేరుతోనే వస్తుందా?" అని నళిని రెండుసార్లు అడిగింది.

ఇది చదివినవారు కృష్ణవేణిని మరిచిపోయినా ఫర్వాలేదు. ఏ ఖాతాలోనూ పేరు లేని నళినిని మాత్రం గుర్తుంచుకోండి.