అరటిపండుని ఎవరు వెతుకుతారు

బట్టలు కుట్టే అమ్మమ్మకి మనవరాలి గురించి ఒకటే బెంగ. తను కళ్ళు మూసేలోగా ఆ పిల్లకి ఒక్క స్నేహితురాలైనా దొరకాలి. పన్నెండేళ్ళు నిండినా దాని బుద్ధి నాలుగేళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఎవరేమన్నా చివరి మాట పట్టుకుని తిరిగి అంటుంది కనక అందరూ చిలక అనేవారు. తల్లి సాయంత్రం డ్యూటీకి వెళ్ళగానే చిలక కిటికీ ఊచలు పట్టుకుని, వాకిట్లో ఆడే పిల్లల్ని చూస్తూ నిలబడేది. ఊచల తుప్పు దాని బుగ్గలకి అంటుకునేది.

ఒకరోజు అమ్మమ్మ మిషను ఆపి, మోకాళ్ళు పట్టుకుంటూ మూడు మెట్లూ దిగింది.

"ఏమర్రా, మా చిలకని కూడా ఆడించుకోండి."

ఆ మందకి పెద్ద పొడుగుజడ పిల్ల. అది మూతి ముడిచింది. "దానికి ఆట రాదు అమ్మమ్మా. ఔటైతే ఏడుస్తుంది."

"రాకపోతే ఆటలో అరటిపండుగా పెట్టుకోండే. మీ సొమ్మేం పోయింది?"

ఆ మాటే కొంప ముంచింది. ఆటలో అరటిపండంటే తెలిసిందేగా. పసివాళ్ళు ఏడవకుండా ఊరికే కలుపుకుంటారు. పట్టుకోరు, ఔట్ చెయ్యరు, లెక్కలో వెయ్యరు.

చిలకకి మాత్రం అదే కిరీటం. "నేను అరటిపండు!" అని పాలు పోసేవాడికి కూడా చెప్పింది. వారం రోజులు ఎవరూ తరమకపోయినా ఒళ్ళంతా చెమటలు కక్కుతూ పరిగెత్తింది. అమ్మమ్మ సంబరంలో ఒక చొక్కాకి రెండూ కుడిచేతులే కుట్టి, మళ్ళీ విప్పుకుంది.

తరవాత దాగుడుమూతలు మొదలయ్యాయి. దీపాలు పెట్టేవేళకి పిల్లలంతా ఎవరిళ్ళకి వాళ్ళు చేరారు. చిలక రాలేదు. అమ్మమ్మ వెళ్ళి పొడుగుజడ ఇంటి తలుపు కొట్టింది.

"మా పిల్ల ఏదే?"

"ఏమో, ఎక్కడో దాక్కుంది. అరటిపండుని ఎవరైనా వెతుకుతారా అమ్మమ్మా? నువ్వేగా అన్నావు."

దాని గొంతులో కల్మషం లేదు. ఉంటే అమ్మమ్మ నాలుగు తిట్టి ఊరుకునేది.

చివరికి మేడమెట్ల కింద, పగిలిన నీళ్ళ డ్రమ్ము వెనక దొరికింది చిలక. రెండు చేతులతో కళ్ళు మూసుకుని, గౌను తడిపేసుకుని కూర్చుంది.

"దొరికావు తల్లీ, దా."

"నువ్వు కాదు."

అమ్మమ్మ నిలబడిపోయింది. ఎవరి మాటా అప్పు తెచ్చుకోకుండా ఆ పిల్ల సొంతంగా అన్న మాట అది.

"వాళ్ళు," అంది చిలక.

అమ్మమ్మ మళ్ళీ వెళ్ళి బతిమాలింది. పొడుగుజడ వాళ్ళమ్మ విసుక్కుంటూనే పంపింది. ఆ పిల్ల వంగి, ముక్కు మూసుకుని, "దొరికావ్. రేపు నువ్వే దొంగవి," అని చెప్పి పరిగెత్తుకుంటూ వెళ్ళిపోయింది.

"దొంగవి!" చిలక గంతులేసుకుంటూ ఇంట్లోకి వచ్చింది. పడుకున్నా ఆ మాట ఆపలేదు.

మర్నాడు సాయంత్రం వాకిలి బోసిగా ఉంది. చిలక గోడకి మొహం ఆనించి నిలబడింది. "ఒకటి, రెండు, ఐదు. ఒకటి, రెండు, ఐదు." వెనక సందులోంచి నవ్వులు వినిపించాయి. వాటి మధ్య పొడుగుజడ గొంతు: "మెల్లగా అరవండే, దానికి వినిపిస్తుంది!"

చిలకకి వినిపించిందో లేదో. లెక్క మాత్రం ఆపలేదు.

అమ్మమ్మ సూది దిండుకి గుచ్చింది. వెళ్ళి మేడమెట్ల కింద డ్రమ్ము వెనక కూలబడింది. ఎండ తగలని నేల ఇంకా తడిగానే ఉంది. చిలక వచ్చి, తనని చూసి "నువ్వు కాదు" అంటుందని తెలుసు. అయినా చీర కొంగు బయటికి కనిపించేలా వదిలి, అలాగే కూర్చుంది.