పేరు పెట్టని రోజు

పేర్లాయన భార్య పోయిన రోజున తెల్లవారకముందే వాన మొదలైంది. ముందురోజు పలక మీద రంగు ఆరలేదు. ఆయన దాన్ని పొయ్యి దగ్గర ఆనించి, పొగ తగలకుండా అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. వెనకనుంచి ఆమె "ఇప్పుడే వస్తా" అంది. ఆయన తల తిప్పకుండానే "ఊఁ" అన్నాడు. పలక ఆరాక బయటికి వచ్చి చూస్తే, ఆమె తమ ఇంటి మెట్ల దగ్గరే కూలబడి ఉంది. డాక్టరు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, గుండె అన్నాడు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేకపోయింది.

ఆ ఊళ్ళో రోజులకు అంకెలు లేవు, వారాలు లేవు. ప్రతి రోజుకూ ఆ రోజు జరిగినదాన్నిబట్టి ఒక పేరు పెడతారు. గొడుగులు తిరగబడిన రోజు, పిండిమర ఆగిన రోజు, ఇద్దరు వియ్యంకులు మాట కలిపిన రోజు. సాయంత్రం నలుగురినీ అడిగి పేరు తేల్చి, పలక మీద రాసి, మర్నాడు మార్కెట్ షెడ్డు గోడకు తగిలించడం పేర్లాయన పని. ఒక గోడ నిండితే ఒక కాలం. నాలుగు గోడలూ నిండితే ఏడాది. పేరు నిజంగా జరిగినదై ఉండాలి. వరస తప్పకూడదు: ఒక రోజుకు పేరు పడితేగాని తరువాతి రోజుకు పేరు పడదు. ఆ రోజు పుట్టిన బిడ్డకు ఆ రోజు పేరే పేరు.

చావు జరిగిన రోజుకు మాత్రం పేరు పెట్టే హక్కు చావు జరిగిన ఇంటిది. వాళ్ళు నోరు తెరిచి చెప్పేదాకా ఆ రోజు సంగతి వాళ్ళ దగ్గర పేర్లాయన తప్ప ఎవరూ ఎత్తరు. ఎత్తితే ఏడుస్తున్నవాళ్ళ నోట్లో మన మాట కుక్కినట్టవుతుందని అక్కడివాళ్ళ నమ్మకం.

అలాంటి ఇళ్ళకు పేర్లాయన ఎన్నిసార్లు వెళ్ళాడో. చాప మీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, మెల్లగా అనేవాడు: "పెద్ద మాటలు అక్కర్లేదమ్మా. ఆ రోజు నీ కంటికి కనిపించింది ఒక్కటి చెప్పు. చాలు." ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. దుప్పటి మడత పెట్టే ఉందనో, పిల్లి గుమ్మం దాటలేదనో. ఆయన అదే రాసేవాడు.

ఇప్పుడు తన వంతు వస్తే, ఆ రోజు ఆయన కంటికి కనిపించింది రంగు ఆరని పలక ఒక్కటే. ఆమె ఏ చీర కట్టుకుని వెళ్ళిందో కూడా చూడలేదు.

షెడ్డు గోడ మీద ఆ రోజు పలక ఖాళీగా వేలాడుతోంది. దాని తరువాతివీ అంతే. ఊరు మొదట ఓపిక పట్టింది. తరువాత బట్టలు ఏ రోజున వేశారో తేలక చాకలితోనూ దర్జీతోనూ జనానికి గొడవైంది. పెళ్ళి కుదుర్చుకున్నవాళ్ళు ఏ రోజునుంచి లెక్కపెట్టి చెప్పాలో తెలియక ఊరుకున్నారు. అయినా ఆయన మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు. అన్నది మేకలమ్మ ఒక్కతే.

మేకలమ్మ ఎదురింటి సైకిల్ మెకానిక్ తల్లి. ఆ వానరోజే ఆమె కోడలు ఆడపిల్లను కంది.

"అన్నయ్యా, నీ దుఃఖం నీది, కాదనను" అంది ఆమె గుమ్మంలోనే చతికిలబడి. "కానీ ఎన్నాళ్ళు ఆ పిల్లను ఇదిగో, అదిగో అని పిలవమంటావు?"

"ఇంకొంచెం ఆగమ్మా."

"నేను ఆగుతా. పిల్ల ఆగుతుందా? వీధిలో కోతిమూక ఆ పలక చూసి దాన్ని 'ఖాళీ' అంటున్నారు. ఖాళీ ఏడుస్తోంది, ఖాళీ పాలు తాగుతోంది అని. నిన్న పనిలో పడి నేనూ అనేశాను, నా నోరు పడిపోను. అది కళ్ళు తిప్పి నన్నే చూసింది."

ఆయన గుమ్మంలోంచి ఎదురింటివైపు చూశాడు.

"పేరంటే ఏమిటో నన్నడుగు. నేను పుట్టిన రోజు కోర్టులోకి మేకలు దూరాయట. జడ్జీగారి కాగితం ఒకటి తిన్నాయట. తిన్నవి అవి, మోస్తున్నది నేను. పళ్ళూడినా ఇంకా మేకలమ్మనే." నవ్వబోయి మానేసింది. "మేకలైనా నయం అన్నయ్యా. ఖాళీ వద్దు."

ఆమె వెళ్ళాక ఆయన ఒక్కో పేరూ పైకి అనుకుని చూశాడు. నోటికి వచ్చే పేర్లన్నీ ఒక్కలాంటివే. మెట్ల దగ్గర కూలిన రోజు. తల తిప్పని రోజు. నిజానికి నిజమే. కానీ ఒక ఆడపిల్ల జీవితమంతా ఆ పేరుకు పలకాలి. ఎదురింటి గుమ్మంలోంచి దాన్ని ఎవరో ఆ మాటతో అన్నానికి పిలుస్తుంటే తను ఇక్కడ కూర్చుని వినాలి.

మర్నాడు ఎదురింటి ముందుగదిలోని సైకిల్ షాపుకు వెళ్ళాడు. మెకానిక్ ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగ ఎక్కడ వస్తుందా అని చూస్తున్నాడు. ఆయన్ని చూసి లేచి, తడి చేతులు లాగుకు తుడుచుకున్నాడు.

"పేరు తెచ్చాను" అన్నాడు పేర్లాయన. "ఎండ కాసిన రోజు."

మెకానిక్ తొట్టి పక్కకు జరిపాడు. "బాబాయ్, ఆ రోజు ఎండెక్కడ కాసింది?"

"సాయంత్రం కాస్త..."

"సాయంత్రమూ లేదు. మంత్రసాని కోసం మోకాళ్ళ లోతు నీళ్ళలో పరిగెత్తినవాణ్ణి నేను."

"పిల్లకు బాగుంటుందిరా. వెచ్చగా ఉంటుంది. ఎండ అని పిలుచుకుంటారు."

"బాగానే ఉంటుంది. పెద్దయ్యాక ఎవడో ఒకడు, నువ్వు పుట్టిన రోజు కుండపోత కదే అంటాడు. అప్పుడు నేనేం చెప్పను?" అతని గొంతు తగ్గింది. "మీ చేత్తో అబద్ధం పలక ఇంతవరకు రాయలేదు బాబాయ్. మా పిల్లతో మొదలుపెట్టకండి."

పేర్లాయన వెనక్కి తిరగబోతుంటే లోపలినుంచి బాలింత పిలిచింది. "మామయ్యగారూ, ఒక్కసారి లోపలికి రండి. తప్పో ఒప్పో మీరు నోరు తెరిచి ఒక పేరు చెప్పారు. ఇక మేం మాట్లాడొచ్చు కదా?"

ఆయన లోపలికి వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడే ఉన్న మేకలమ్మ కోడలివైపు కళ్ళెర్రజేసింది. కోడలు పట్టించుకోలేదు.

"ఆ పొద్దున ఈయన మంత్రసానికోసం పోయారు. అత్తయ్య నన్ను పట్టుకుని ఉంది. ఈ పైరేకు జారిపోయి నీళ్ళన్నీ మంచం మీదే. నా అరుపులు విని మీ ఇంట్లోంచి పిన్నిగారు వచ్చారు. మీరు కూర్చున్న ఆ స్టూలే ఎక్కి, టార్పాలిన్ తీసుకుని రెండు చేతులతో ఆ సందుకు అదిమిపట్టారు. పిల్ల ఏడ్చేదాకా దిగలేదు. చేతులు లాగుతాయి పిన్నీ, దిగండి అంటే, మా ఆయన పలకలు మోసిన చేతులేలే అన్నారు."

పేర్లాయన తల పైకెత్తి చూశాడు. రేకుకు ఇప్పుడు కొత్త మేకులు ఉన్నాయి.

"దిగాక పిల్లను చూసి, ఆయన టీ కోసం కాచుకుని ఉంటారు, వస్తానమ్మా అని వెళ్ళారు" అంది బాలింత.

"చాలాసేపు నిలబడిందా?" అన్నాడాయన.

మెకానిక్ గుమ్మంలో నిలబడి చేతిలో ట్యూబు నలుపుతున్నాడు. బాలింత పిల్లవైపు చూసింది. చివరికి మేకలమ్మే చెప్పింది.

"చాలాసేపే, అన్నయ్యా. నేనే అడగాల్సింది, వయసు మీదపడ్డ మనిషివి నీకెందుకమ్మా అని. అడగలేదు. మాకు ఆ పూట మా పిల్లే కనిపించింది. నువ్వు తిడితే పడతాం."

ఆయన తిట్టలేదు. పరవాలేదని కూడా అనలేదు. స్టూలు అంచును రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. మేకలమ్మ తెచ్చిన మంచినీళ్ళు అందుకుని కిందపెట్టాడు, తాగలేదు.

"మంచం మీదికి మళ్ళీ నీళ్ళు రాలేదా?" అని అడిగాడు.

"చుక్క రాలేదు మామయ్యగారూ."

"వాన లోపలికి రాని రోజు" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. "పిలవడానికి వాన అనుకోండి."

"వాన" అన్నాడు మెకానిక్. "నిజమే బాబాయ్. పిన్ని పట్టుకున్నాక లోపలికి రాలేదు."

బాలింత వంగి పిల్ల చెవిలో ఆ పేరు చెప్పింది. పిల్ల నిద్రలో ఉంది.

ఆ సాయంత్రమే ఆయన పలక రాశాడు. మర్నాడు షెడ్డులో తగిలిస్తుంటే చాకలీ, దర్జీ, పెళ్ళివాళ్ళూ చుట్టూ మూగారు. మిగతా రోజులకు ఏం పేర్లు పెట్టాలో ఎవరికి తోచింది వాళ్ళు అరిచి చెబుతున్నారు. ఒకరు చెప్పింది ఒకరు కాదంటున్నారు. పేర్లాయన తరువాతి పలక దగ్గరికి జరిగేసరికి అందరూ నోరు మూశారు.

అది ఆమెను సాగనంపిన రోజు. దానికి ఆయన ఇంకా పేరు పెట్టలేదు.