మూత పడలేదు

తాము చేసే కాఫీని వాళ్లు మొదటిసారి తాగింది ఉద్యోగాలు ఊడిన రోజునే.

విమానాశ్రయం వెనక గోడను ఆనుకుని ఉంది ఆ వంటశాల. షిఫ్టు మొదలవగానే కాఫీ విభాగం వాళ్లందరినీ మేనేజరు వరసగా నిలబెట్టాడు. ఒక్కొక్కరి ముందు రెండేసి కాగితపు కప్పులు పెట్టించాడు.

"తాగండి. ఏది అసలు కాఫీయో, ఏది పొడి కలిపిందో చెప్పండి చూద్దాం" అన్నాడు నవ్వుతూ.

ఎవరికీ చెయ్యి ముందుకు రాలేదు. అడుగున మిగిలిన కాఫీ రుచి చూశాడని పోయినేడాది ఒకణ్ని మెడపట్టి గేటు బయటికి గెంటింది ఈ మేనేజరే.

"తాగండయ్యా, ఇవాళ పట్టుకునేవాడెవడూ లేడు."

తాగారు. గుక్క దిగీదిగకముందే అందరి వేళ్లూ ఎడమచేతి కప్పునే అసలుదని చూపించాయి. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

"శభాష్! మీరు కనిపెట్టారు. విమానంలో ప్రీమియం క్యాబిన్ వాళ్లకిస్తే సగంమంది కనిపెట్టలేకపోయారు. ఆ తెలియని నాలుకల కోసం మిమ్మల్నందర్నీ ఎందుకు మేపాలి చెప్పండి?"

పక్క బల్ల దగ్గర చెంచాలు, ఫోర్కులు గుడ్డల్లో చుడుతున్న పిన్ని తల ఎత్తింది. ఆ హాలులో అందరికీ ఆమె పిన్నే. "మేపడానికి మేమేమైనా గొడ్లమా సారూ?" అంది. ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు అటు చూడకుండానే చెప్పాల్సింది చెప్పేశాడు. ఇకనుంచి ప్రీమియం క్యాబిన్‌లో అసలు కాఫీ ఒక్కసారే ఇస్తారు. మళ్లీ కావాలంటే పొడి ప్యాకెట్టు, వేడినీళ్లు. కాఫీ తగ్గింది కనుక మనుషులూ తగ్గాలి. జంటకు ఒకరు చాలు.

"ఎవరుండాలో, ఎవరు పోవాలో మీలో మీరే తేల్చుకోండి. నేను ఎవరి కడుపూ కొట్టను" అన్నాడు.

ఆ జంటల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మరుగుతున్న కాఫీని పెద్ద స్టీలు డబ్బాల్లో నింపి, మూత బిగించేది ఒకరు. ఆ డబ్బాను భుజానికెత్తి ట్రక్కు దాకా మోసేది ఇంకొకరు. ఆవిరిలో మూత కొక్కెం సరిగా కనపడదు. అందుకని మోసేవాడు ఎత్తేముందు "మూత?" అని అరుస్తాడు. కొక్కేన్ని చేత్తో తడిమి చూసి, నింపినవాళ్లు "పడింది!" అని బదులిస్తారు. ఆ మాట వినకుండా ఎవరూ డబ్బా ముట్టరు. ఇది ఏ మేనేజరూ నేర్పింది కాదు. ఎప్పుడో ఒకరి వీపు కాలాక పనివాళ్లే పెట్టుకున్న కట్టుబాటు.

ఆ జంటల్లో వదినా మరుదుల జంట ఒకటి. అన్న పోయాక ఆ ఇంటిని నడిపిస్తున్నది ఈ ఇద్దరి రెక్కలే. "మూత వదినది, మోత మరిదిది" అని హాలంతా ఆటపట్టించేవారు. అతన్ని పేరుతో పిలిచినవాళ్లు లేరు, మోత అనే పిలిచేవాళ్లు. ఆమె మాత్రం అందరికీ వదినే.

ఆ రోజు వదిన రెండడుగులు ముందుకు వేసింది.

"సార్, మోసేవాడు అడగాలి, మూసినవాళ్లు చెప్పాలి. ఒక్కళ్లే ఉంటే ఎవర్ని అడగాలండీ?"

"నిన్ను నువ్వే అడుక్కో" అన్నాడు మేనేజరు. అడుక్కోవడం అన్న మాటకు సూపర్‌వైజర్లు పగలబడి నవ్వారు.

సాయంత్రానికి హాలులో జంటలు లేవు. ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులున్నారు. ఒకే కంచంలో తిన్న ఇద్దరు స్నేహితులు కాలర్లు పట్టుకున్నారు. ఒక మొగుడూ పెళ్లాం పిల్లల మీద ఒట్లు వేసుకుని పోట్లాడుకున్నారు. మేనేజరు గాజు గదిలోంచి చూస్తూ కాఫీ తాగాడు. అసలు కాఫీయే.

"నువ్వే ఉండు వదినా" అన్నాడు మోత. "నాకు భుజాలున్నాయి. బరువున్నచోటల్లా నాకు పని దొరుకుతుంది."

"నా నోటికి తోడు పోయిందిరా మరిదీ. ఇక నాలో నేనే మాట్లాడుకోవాలి, పిచ్చిదానిలా" అని నవ్వింది. నవ్వింది గానీ కళ్లు తుడుచుకుంది.

ట్రక్కుల కాంట్రాక్టరు మోతను దినకూలీకి పెట్టుకున్నాడు. అదే గేటు, అవే డబ్బాలు. హాలు గడప మాత్రం దాటి లోపలికి రాకూడదు.

కాఫీ తగ్గింది గానీ విమానాలు తగ్గలేదు. ఎన్ని విమానాలుంటే అన్నిటికీ డబ్బాలు మోయాల్సిందే. ఇదివరకు ఇద్దరు చేసిన పని ఇప్పుడు ఒక్కరు పరుగెత్తుతూ చేస్తున్నారు. వదిన బల్ల పక్కనే తాత బల్ల. తాతంటే ఆ విభాగంలోకెల్లా పాత మనిషి. అతని జంటను కూడా పంపించేశారు. అయినా తాత డబ్బా ఎత్తేముందు గట్టిగానే "మూత?" అని అడిగి, "పడింది" అని తనే చెప్పుకునేవాడు. అలవాటు చర్మం లాంటిది, విప్పి పక్కన పెట్టలేం.

ఆ పొద్దున ఆలస్యమైన విమానాలన్నీ ఒక్కసారిగా మీదపడ్డాయి. సూపర్‌వైజరు వెనకనుంచి తరుముతున్నాడు. హాలంతా ఆవిరి. వదిన డబ్బా నింపింది, మీద మూత పెట్టింది, కొక్కెం ఇంకా వేయలేదు. సరిగ్గా అప్పుడే పక్క బల్ల దగ్గర తాత అన్నాడు: "మూత?"

"పడింది!" అంది వదిన నోరు.

ఆమె అనుకుని అన్నది కాదు. ఏళ్ల తరబడి ఆ ప్రశ్నకు ఆ జవాబు చెప్పిన నోరు అది. ఆ నోరు పడిందని చెబితే కొక్కెం పడినట్టే. ఏళ్ల తరబడి ఆ నోటిని నమ్మిన ఆమె చేతులు ఇప్పుడూ నమ్మాయి. డబ్బాను భుజానికెత్తేశాయి.

ట్రక్కు మీదున్న మోతకు వినపడింది కేక కాదు. స్టీలు మూత నేలమీద గిరగిరా తిరుగుతున్న చప్పుడు. ఆ తర్వాత కేక.

గడప దాటి పరుగెత్తాడు. వదిన మెడ నుంచి నడుము దాకా చీర ఒంటికి అంటుకుపోయి ఉంది. పొగలు కక్కుతున్న కాఫీలో పడి ఉంది. తాత రెండు చేతులూ గాల్లో పెట్టుకుని బిగుసుకుపోయాడు, ముట్టుకుంటే తోలు ఊడొస్తుందని.

"అంబులెన్సు! అంబులెన్సును పిలవండి!"

"పిలిచాం" అన్నాడు మేనేజరు వాచీ చూసుకుంటూ. "గేటు బయటే ఉంది. దారికడ్డంగా మన ట్రక్కే ఉంది కదా. లోడు సగంలో ఉంది. విమానం ఆగదు. ముందు లోడు ముగించి ట్రక్కును కదిలించండి, అప్పుడొస్తుంది."

"సారూ, మనిషి ఉడికిపోతోంది!"

"అరిచేకొద్దీ మీకే ఆలస్యం."

అప్పుడు వాళ్లేం చేశారో తెలుసా? కాఫీ మోశారు. అందరికంటే ముందు మోత మోశాడు. డబ్బా మీద డబ్బా, ఊపిరి బిగపట్టి, పడిపోతూ లేస్తూ. చెంచాల పిన్ని మోసింది. తాత మోశాడు. వదిన ప్రాణం కోసం, వదినను కాల్చిన కాఫీనే పరుగెత్తుతూ మోశారు. వాళ్లు ఆమెను దాటుకుంటూ వెళ్లినప్పుడల్లా ఆమె కళ్లు తెరిచి చూస్తూనే ఉంది.

ఆసుపత్రిలో వదిన కొన్నాళ్లు బతికింది. దాన్ని బతకడం అనాలంటే.

"మరిదీ, నా నోరే నన్ను మోసం చేసిందిరా" అంది ఒకసారి. ఇంకోసారి, "తాతనేమీ అనకండి" అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు.

దినం కాకముందే మేనేజరు మోతను గాజు గదికి పిలిపించి, కుర్చీ వేయించాడు.

"జరగాల్సింది కాదు, జరిగింది. రేపు హాలులో సంతాపం పెడుతున్నా. నువ్వొక్క ముక్క చెప్పు చాలు. ఆ ముసలాడు అనవసరంగా అరిచి మీ వదిన ధ్యాస చెడగొట్టాడని. అబద్ధం కూడా కాదుగా? అతన్ని పంపించేస్తాం, వ్యవహారం మూతపడుతుంది. నీకు లోపలే పర్మనెంటు ఉద్యోగం. మీ అన్న కూతురి చదువు కూడా ఆగదు. ఆలోచించుకో."

అబద్ధం కాదు. అదే అతన్ని తినేసింది. ఇంటికి పోయేసరికి తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు.

"చెప్పెయ్‌రా నాయనా. నా నోటి వల్లే పోయింది. నేనెటూ పోయేవాణ్నే. నువ్వు నిలబడు."

 లోపల వదిన కూతురు పొయ్యి మీద అన్నం గిన్నెకు మూతపెట్టింది. పెట్టి, అలాగే నిలబడిపోయింది.

"బాబాయ్, అమ్మ ఇంట్లో కూడా గిన్నె మీద మూతపెట్టి 'పడింది' అనేది. ఎవరడిగారమ్మా అని నవ్వేదాన్ని. 'అడిగేవాడు ఉంటాడే, ఉండాలి' అనేది."

మోత చాలాసేపు ఆ గిన్నెవైపే చూశాడు.

మర్నాడు హాలు కిక్కిరిసింది. పని పోగొట్టుకున్నవాళ్లూ, వదిన కూతురూ కూడా వచ్చారు. జంట విడిపోయినవాళ్లు ఎవరి మూల వాళ్లు నిలబడ్డారు. మేనేజరు తలవంచి కాసేపు మౌనం పాటించి, వాచీ చూసుకుని తలెత్తాడు. "ఇప్పుడు ఆమె మరిది మాట్లాడతాడు. తర్వాత అందరూ పనిలోకి వెళ్లండి."

"అంతకంటే ముందు ఈ పిల్ల మాట్లాడుద్ది" అంటూ పిన్ని ఒకమ్మాయిని ముందుకు తోసింది. ఆ అమ్మాయి విమానంలో ప్రీమియం క్యాబిన్‌లో పనిచేస్తుంది. ఇంకా యూనిఫాంలోనే ఉంది.

"ఆ రోజు ఆ విమానంలో ఉన్నది నేనే" అంది. "ఒక డబ్బా తగ్గిందని నాతో మైకులో క్షమాపణ చెప్పించారు. కాఫీ ఆలస్యమైనందుకు చింతిస్తున్నామని. ఒకాయన నామీద అరిచాడు కూడా. ఆ డబ్బాలోది ఎక్కడ ఒలికిందో నాకు దిగాకే తెలిసింది. కాఫీకి క్షమాపణ చెప్పారు. ఆమెకు చెప్పారా?"

హాలు గుర్రుమంది. మేనేజరు మోత వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టాడు. "చెప్పు. ఎవరి వల్ల జరిగిందో చెప్పు."

మోత వదిన బల్ల దగ్గరికి నడిచాడు. నిండు డబ్బా ఒకటి కొక్కెం వేయకుండా ఉంది. దాని మీద చెయ్యి వేసి, ఎప్పటిలాగే అరిచాడు.

"మూత?"

జవాబు లేదు. జవాబు చెప్పే నోరు మట్టిలో ఉంది. ఆ నిశ్శబ్దం అక్కడున్నవాళ్లందరి ఒంట్లోకీ దిగింది.

"విన్నారా?" అన్నాడు మోత. "తాత అడిగాడు. అడగడం తప్పయితే మనమంతా దోషులమే. వదిన జవాబు చెప్పింది. చెప్పడం తప్పయితే మనమంతా చావాల్సినవాళ్లమే. అడిగేవాణ్నీ చెప్పేవాణ్నీ విడదీసినవాడు ఆ గాజు గదిలో కూర్చుంటాడు. డబ్బాకు ఇద్దరు ఉండాలి. పంపించేసినవాళ్లందరూ వెనక్కి రావాలి. అందాకా ఏ డబ్బా లేవదు. మళ్లీ అడుగుతున్నా. మూత?"

"పడలేదు!" అంది పిన్ని, గొంతు చిరిగేలా.

"పడలేదు!" అన్నాడు తాత ఏడుస్తూ. కాలర్లు పట్టుకున్న స్నేహితులిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఒక్కసారే అన్నారు. ఆ మొగుడూ పెళ్లాం అన్నారు. యూనిఫాంలో ఉన్న అమ్మాయి అంది.

"విమానాలు ఆగిపోతాయి!" అరిచాడు మేనేజరు.

"పొడి ప్యాకెట్లు ఇచ్చుకోండి సారూ. సగం నాలుకలకు తేడా తెలీదంటగా!" అంది పిన్ని.

"అయితే వినండి! ఈ పూటతో కాఫీ విభాగం మూతపడింది!"

"పడలేదు!"

పోలీసులు రావడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆ రోజు గేటుకు అడ్డంగా ఏ ట్రక్కూ లేదు. అంబులెన్సుకు దొరకని దారి వాళ్ల వ్యానుకు క్షణంలో దొరికింది. లాఠీలు ముందు తాత మోకాళ్లు వెతుక్కున్నాయి. పిన్ని జుట్టు పట్టుకుని గడప మీదుగా ఈడ్చారు. మోతను నలుగురు మోసుకుపోయి వ్యానులో పడేశారు. పెదవి పగిలి నోట్లోకి రక్తం వస్తోంది.

ఒక కానిస్టేబులు వ్యాను తలుపును భుజంతో నెట్టాడు. గొళ్లెం సరిగా తగల్లేదు. అవతలివాణ్ని అడిగాడు, పాపం, తన పనిలో తానుండి:

"ఏరా, పడిందా?"

జవాబు వాడు చెప్పలేదు. గేటు దగ్గరున్న జనమంతా చెప్పింది.

"పడలేదు!"

కానిస్టేబులు ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు. ఒక్క క్షణం తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆ సందులోంచి మోత చూశాడు. హాలులోంచి అందరూ బయటికొచ్చి నిలబడ్డారు. ఇద్దరిద్దరుగా. ఒక్కొక్కరి చేతిలో ఒక స్టీలు మూత ఉంది. వదిన కూతురు తాతకు ఆసరాగా పక్కన నిలబడింది, ఆమె చేతిలో కూడా ఉంది.

తలుపు ధడాలున పడింది. వ్యాను కదిలింది. చీకట్లో అతను చెవిని రేకుకు ఆనించాడు. మూత మీద మూత కొడుతున్న మోత, మలుపు తిరిగినా, ఇంకా వినపడుతూనే ఉంది.