వడగళ్ళ ఇఫ్తార్

సింగపూర్ రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక బ్యాంకు కంప్యూటర్లకు కొత్త శతాబ్దపు గండం గడిచి నాలుగు రోజులైంది. ఆ గండం గట్టెక్కించడానికి హైదరాబాదు నుంచి దిగిన కుర్రాళ్ళలో సాదత్ ఒకడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి పిచ్చెక్కిపోతాయని లోకమంతా హడలిపోతుంటే, ఇతగాడు ఏడాది పొడుగునా నిద్ర మానుకుని పాత ప్రోగ్రాముల్లో తేదీలు సరిచేశాడు. తీరా జనవరి ఒకటి వచ్చింది, ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే మా ప్రతాపం బాబూ అని ఎంత మొత్తుకున్నా ఎవడూ భుజం తట్టలేదు. పోనీ అంతటితో అయిపోయిందా అంటే అదీ లేదు. బ్యాంకు గండం తప్పించే హడావిడిలో సాదత్ తన నెత్తికి సొంత గండం తెచ్చుకున్నాడు.

పాయా లేబర్‌లో కాపురముంటున్న ఇబ్రాహీం గారి కూతురు ఇరం అంటే అతనికి ప్రాణం. ఆ పిల్లకూ ఇతనంటే అంతే. సాదత్ తల్లి అన్వరి బేగం పనిగట్టుకుని విమానమెక్కి వచ్చి సంబంధం అడిగింది. ఇబ్రాహీం గారు ఔననలేదు, కాదనలేదు. రంజాన్ నెల కదా, పిల్లవాణ్ణి ఒక్కణ్ణే ఇఫ్తార్‌కు పంపించండి, కూర్చోబెట్టుకుని చూస్తానన్నారు. మొదటిసారి పిలిస్తే సాదత్ ఆఫీసులో ఇరుక్కుని వెళ్ళనే లేదు. రెండోసారి వెళ్ళాడు గానీ, ఉపవాసం విడవడమూ నమాజూ భోజనాలూ అన్నీ అయిపోయి, గిన్నెలు కడుగుతున్న వేళకు వెళ్ళాడు. ఆయనకు ఒళ్ళు మండింది.

"రోజా విడిచే టైముకు ఇంటికి రాలేనోడు, రేపు పెండ్లాం కోసం వస్తడా? కంప్యూటర్‌తోనే నిఖా అయిపోయినోనికి నా బిడ్డెందుకు?" అని ఇంట్లో అరిచారట.

ఇరం ఎలాగో బతిమాలి మూడో పిలుపు సంపాదించింది. అదే ఇవాళ. రేపు ఆయన ఈద్ చేసుకోవడానికి హైదరాబాదు వెళ్ళిపోతున్నారు. అక్కడ ఒక డాక్టరు సంబంధం తయారుగా ఉంది.

"అజాన్‌కి ముందు వచ్చెయ్ సాదత్. జస్ట్ బీ ఇన్ టైమ్, కెన్? బాబా ఎస్ అంటారు, ఐ నో లా," అని పొద్దున్న ఫోన్లో చెప్పింది. పుట్టింది హైదరాబాదులోనే అయినా, ఊహ తెలిసినప్పటి నుంచి ఇక్కడే పెరగడంతో ఆ 'లా' ఆమె మాట తోకన అతుక్కుపోయింది.

బుకిట్ పంజాంగ్‌లోని సాదత్ ఫ్లాటులో అన్వరి బేగం తెల్లవారుజామున సహరీ తిన్నప్పటి నుంచి పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. గోధుమలూ మాంసమూ మసాలా దినుసులూ అన్నీ ఒకటై నోట్లో కరిగిపోయేదాకా కర్రతో కుమ్మి కుమ్మి హలీం చేసింది. రోజాలో ఉండి, ఉప్పు సరిపోయిందో లేదో రుచి అయినా చూడకుండా చేసింది. దేగ్చీకి మూత పెట్టి, అంచు చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి, పైన తెల్లగుడ్డ కట్టింది. పిల్లనడిగిన ఇంటికి పంపే మొదటి వంట అలా మూత కదలకుండా చేరాలి. ఆ ఇంటి పెద్ద చేత్తోనే తెరవాలి. వాళ్ళ ఖాందాన్‌లో అదొక పట్టింపు.

"తొవ్వల మూత తీస్తివో, నా ఇజ్జత్ పోయినట్టే, నీ నిఖా పోయినట్టే. సమజైందా?" అంది కొడుకుతో.

"ఐంది అమ్మీ," అన్నాడు సాదత్. ఎందుకైనా మంచిదని రెండు గంటల ముందే బయల్దేరాడు. ఈసారి ఆకాశం ఊడిపడినా ఆలస్యం కాకూడదనుకున్నాడు. ఆకాశానికి ఆ మాట వినబడిందేమో మరి.

వానాకాలం అయిపోవస్తోంది. మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయే వాన ఊరుకుని వెళ్ళిపోవచ్చు కదా! సాదత్ స్టేషన్ మెట్లెక్కి ప్లాట్‌ఫారం మీదికి చేరాడో లేదో, మిట్టమధ్యాహ్నం లాంటి వెలుగు ఒక్కసారిగా ఆరిపోయింది. గాలి ఈలవేసింది. వాన కుమ్మరించింది. వానతో పాటు పైకప్పు మీద ఎవరో గులకరాళ్ళ బస్తా విప్పినట్టు టపటపా ఒకటే మోత. తెల్లటి గోలీలు పట్టాల మీద పడి ఎగిరెగిరి దొర్లుతున్నాయి.

"మంచు! మంచు పడుతోంది!" అని ఇద్దరు చీనా పిల్లలు ఇంగ్లీషులో కేకలేస్తూ గంతులేశారు. వాళ్ళ తల్లి చేతిలో పుట్టినరోజు పార్టీ సామాన్ల సంచి ఉంది. ఆవిడ వాళ్ళను ఆపాల్సింది పోయి తనే నోరు తెరుచుకుని నిలబడిపోయింది. సాదత్‌కు కూడా ఒళ్ళు పులకరించింది. కరీంనగర్‌లో అమ్మమ్మ ఇంటి వాకిట్లో వడగళ్ళు ఏరుకుని తిన్న రోజులు గుర్తొచ్చాయి. సింగపూర్‌లో ఇలాంటిది చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

ఒక ముసలాయన మాత్రం ఒక్క క్షణం వృథా చేయలేదు. స్టీలు టిఫిను డబ్బా తెరిచి, చెయ్యి పైకప్పు బయటికి చాపి, పడ్డవాటిని పడ్డట్టు పట్టేస్తున్నాడు.

"అలమాక్! ఈ గడ్డ మీద పుట్టి అరవై ఏడేళ్ళయింది. ఐసు పడ్డం ఇదే మొదలు!" అన్నాడు తెలుగులో, తనలో తనే.

తెలుగు వినగానే సాదత్‌కు ప్రాణం లేచివచ్చింది. పలకరించాడు. ఆయన పేరు దొరబాబు. తెల్లదొరల కాలంలో ఆయన తాత కాకినాడ నుంచి ఓడెక్కి వచ్చి హార్బర్‌లో చేరాడట. ఈయనా అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. భార్య కుమారమ్మ కూతురింట్లో ఉంటే అక్కడికి వెళుతున్నాడు.

"మా ఆవిడకి చూపించాలండీ. నేనేం చెప్పినా నమ్మదు. ఇవాళ నోరు మూయించేస్తాను," అంటూ డబ్బా మూత బిగించాడు.

ఇంతలో రైలొచ్చింది. రైలంటే పెద్దదేం కాదు. డ్రైవరుండడు, ఒకటే పెట్టె, ఫ్లాటుల కిటికీల పక్కనుంచి వంతెన మీద పోతుంది. పెద్ద రైలు అందుకోవాలంటే ఇందులోనే వెళ్ళాలి. దొరబాబూ సాదతూ చీనా తల్లీ పిల్లలూ ఎక్కారు. లోపల ఒక మలయ్ ముసలి దంపతులు, డ్యూటీ దిగి ఇంటికి పోతున్న ఒక మలయ్ నర్సు పిల్ల ఉన్నారు. అంతే జనం. రైలు కదిలింది. రెండు స్టేషన్ల మధ్య, గాలిలో, కళ్ళు చెదిరేలా ఒక మెరుపు మెరిసింది. లైట్లు ఆరి మళ్ళీ సగం వెలిగాయి. రైలు ఆగిపోయింది.

సాదత్ చటుక్కున లేచి నిలబడ్డాడు. మామూలు మనిషైతే పిడుగు పడిందనుకుంటాడు. ఏడాదంతా తేదీలతో సావాసం చేసినవాడు మరి! "తేదీ బగ్గు! నాలుగు రోజులు ఆగి దెబ్బ కొట్టింది!" అని పైకే అనేశాడు.

దొరబాబు కిటికీలోంచి వంతెనను చూపించాడు. పట్టాల మీద వడగళ్ళు దళసరిగా పరుచుకుని ఉన్నాయి.

"బగ్గు కాదు బాబూ, ఐసు. మీ కంప్యూటరోళ్ళు ఆకాశాన్ని కూడా మీ లెక్కలోనే వేసేసుకుంటారా?" అని పకపకా నవ్వాడు.

స్పీకర్లో ఎవరో మాట్లాడారు. పిడుగు వల్ల కరెంటు పోయింది, బాగుచేస్తున్నారు, ఓపిక పట్టమన్నారు. ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? గడియారం ముల్లు పరుగెడుతోంది. సాదత్ ఇరంకు ఫోన్ కలిపాడు. ఫోన్ తీసింది ఇబ్రాహీం గారు.

"అంకుల్, రైలు ఆగిపోయింది. వడగళ్ళు పడ్డయి, పెద్ద పెద్దవి..."

"వడగళ్ళా? సింగపూర్లనా?" అవతల కిటికీ రెక్క తీసిన చప్పుడైంది. "ఇక్కడ ఎండ కొడుతున్నది మియా. పోయినసారి సర్వర్ పడిపోయిందంటివి. ఈసారి ఆకాశం పడిపోయిందా?"

ఫోన్ పెట్టేశారు. సాదత్ దేగ్చీని ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. నిజమే చెప్పాడు, కానీ ఈ దేశంలో ఇంతకన్నా నమ్మశక్యం కాని అబద్ధం ఇంకోటి ఉండదు. ఇరం ఇక తనకు దక్కదనుకున్నాడు. దొరబాబు అడిగితే దాచుకోకుండా మొత్తం చెప్పేశాడు.

దొరబాబు ఒక్క క్షణం తన డబ్బా వైపు చూసుకున్నాడు. తర్వాత అది తీసి సాదత్ చేతిలో పెట్టేశాడు.

"ఇదిగో సాక్ష్యం. పట్టుకెళ్ళి మీ మావగారి ముందు మూత తియ్యి. మా ఆవిడ సంగతంటావా, ఆవిడ ఇన్నేళ్ళూ నమ్మలేదు, ఇంకొన్నేళ్ళు నమ్మకపోయినా కొంప మునిగిపోదు."

సాదత్‌కు మళ్ళీ ఆశ పుట్టింది. సగం కరిగినా పర్లేదు, ఒక్క గోలీ మిగిలినా చాలు. ఇద్దరూ మాటిమాటికీ మూత ఎత్తి చూస్తూ, ఇంకా ఉన్నాయి ఇంకా ఉన్నాయి అని పసిపిల్లల్లా సంబరపడ్డారు. రైలు మాత్రం కదల్లేదు.

ఆకాశం ఎర్రబడింది. మలయ్ పెద్దాయన జేబు రేడియో తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపటికి అందులోంచి రోజా విడిచే వేళైందని అజాన్ మొదలైంది. పెద్దాయన భార్య సంచీ వెతికింది. ఏమీ లేదు. నర్సు పిల్ల సీసా ఖాళీ. ఇంటికెళ్ళి రోజా విడుద్దామనుకున్నవాళ్ళే అందరూ. ముసలావిడ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు, తల వంచుకుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

దొరబాబు సాదత్ చెవిలో నెమ్మదిగా అన్నాడు. "అది నీకిచ్చేశాను బాబూ. ఇక నీ ఇష్టం."

సాదత్ చేతిలో డబ్బా చల్లగా ఉంది. అందులో ఉన్నది చల్లటి నీళ్ళు, వాటిలో తేలే నాలుగు గోలీలు. అదే ఇరం. అదే అతని మాటకున్న ఒకే ఒక్క రుజువు. కావాలంటే గట్టిగా పట్టుకుని కూర్చోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. ముసలావిడ ముఖంలో అతనికి వాళ్ళమ్మ కనబడింది, పొద్దుటి నుంచీ గుక్కెడు నీళ్ళు లేకుండా పొయ్యి ముందు నిలబడ్డ అమ్మ. ఇక ఆలోచించలేదు. లేచి వెళ్ళి డబ్బా ఆవిడకు అందించాడు.

ఆవిడ బిస్మిల్లా అని ఒక గుక్క తాగింది. ఆకాశం నుంచి పడ్డ ఐసు అని తెలిసి నోటి మీద చెయ్యి వేసుకుని నవ్వింది. డబ్బా చేతులు మారింది. చివరి గోలీ సాదత్ నోట్లో వేసుకున్నాడు. కరీంనగర్ వాకిట్లో తిన్నదానికన్నా అది తియ్యగా ఉంది.

రుజువే పోయాక ఇంకేం మిగిలింది? దేగ్చీ. చీనా పిల్లలు అప్పటికే దాని చుట్టూ చేరి వాసన పీలుస్తున్నారు. తల్లి మాటలు సాదత్ చెవుల్లో మోగాయి. "మాఫ్ కర్ అమ్మీ," అనుకుని పిండి అంచు పటపటా విరిచేశాడు. నెయ్యీ మసాలా వాసన పెట్టెంతా గుప్పుమంది.

"ఇక్కడ తింటే ఫైన్ వేస్తారు, తెలుసా?" అంది చీనా తల్లి కంగారుగా, గోడ మీది బోర్డు చూపిస్తూ. అంటూనే సంచిలోంచి పార్టీ కాగితపు కప్పుల దొంతర తీసి ముందు పెట్టింది.

నర్సు పిల్ల ధైర్యం చేసి తలుపు పక్కనున్న మీట నొక్కి, రోజా విడుస్తున్నాం, కాస్త తినవచ్చా అని కంట్రోల్ రూమ్‌ను అడిగింది. స్పీకర్ కాసేపు గరగరలాడింది.

"నాకేమీ కనిపించడం లేదు లా," అంది అవతలి గొంతు. ఆ గొంతు నోట్లో ఏదో నములుతున్నట్టు ముద్దగా ఉంది. "నేనూ రోజా విడుస్తున్నా. మకాన్, మకాన్, తినండి తినండి."

పెట్టె గొల్లుమంది. సాదత్ ఒక కప్పుతో తోడి మిగతా కప్పుల్లో వడ్డిస్తూనే ఉన్నాడు. మారు అడిగినవాళ్ళకు మారు పెట్టాడు. పిల్లలు మూడుసార్లు అడిగారు. దొరబాబు రోజాలో లేకపోయినా అందరికన్నా ఎక్కువ తిని, జన్మలో ఇలాంటి మకాన్ ఎరగనని ఒట్టేశాడు. చుట్టూ చీకటి, మధ్యలో గాలిలో ఆగిపోయిన పెట్టె, లోపల ఒకటే నవ్వులు. పెళ్ళి చెడిపోతున్న మనిషికి ఇంత సంతోషం ఎలా వస్తోందో సాదత్‌కే అర్థం కాలేదు. తోడే కప్పు దేగ్చీ అడుగుకు తగిలేసరికి రైలు కదిలింది.

పాయా లేబర్‌లో నేల పొడిగా ఉంది. ఒక్క చుక్క పడిన జాడ లేదు. తలుపు ఇబ్రాహీం గారే తీశారు. వెనక ఇరం, ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో.

"అజాన్ ఎప్పుడో అయిపోయింది," అన్నారాయన.

"ఎరుకే అంకుల్." సాదత్ తల దించుకోలేదు. "వడగళ్ళు పడ్డది నిజం. చూపెడదామని పట్టుకున్నం, అందరం తాగేసినం. అమ్మీ మీకు హలీం పంపింది, అదీ రైల్లనే పెట్టేసిన. ముసలోళ్ళున్నరు, పిల్లలున్నరు. ఇంగ ఏం లేదు నా దగ్గర."

ఇబ్రాహీం గారు దేగ్చీ తీసుకున్నారు. మూత ఎత్తారు. విరిగిన పిండి అంచు, గీకేసిన అడుగు. చాలాసేపు అందులోకే చూశారు.

"నువ్వెంత తిన్నవు?"

"నా దాక రాలే అంకుల్."

ఆయన మూత నెమ్మదిగా పెట్టేశారు. "వడగళ్ళ ముచ్చట నేను ఇప్పటికీ నమ్మ," అన్నారు. "అబద్ధమాడేటోడు నిండు దేగ్చీ తెచ్చి నా ముందట పెడతడు. ఈ ఖాళీ దేగ్చీని నమ్ముతున్న." కూతురి వైపు తిరిగి గదమాయించారు. "అట్ల నిలబడి ఏం చూస్తున్నవ్ ఇరం? అల్లుడు ఆకలి మీదున్నడు, అన్నం పెట్టవా?"

ఇరం కళ్ళు తుడుచుకుంటూ వంటింట్లోకి పరుగెత్తింది. లోపల ఏదో గిన్నె ఖంగుమని కింద పడింది. సాదత్ బూట్లయినా విప్పకుండా గడప మీదే కూర్చుండిపోయి, నవ్వు ఆపుకోలేక ఏడ్చేశాడు.